అనుకోనిది జరిగిన రోజున మీ జట్టు నిలబడాలంటే

2020 అక్టోబర్ 13, సాయంత్రం ఆరున్నర. హైదరాబాద్ మలక్‌పేటలోని మా రక్తపరీక్షల కేంద్రంలో ఊడ్చి తుడిచే పెద్దమ్మ మెట్లెక్కి వచ్చి, "సెల్లారులో మోరీ వాసన కొడుతోంది సార్, మూత కింద నీళ్లు గుడగుడమంటున్నాయి" అని చెప్పింది. చూద్దాంలే అన్నాను. చేతిలో ఉన్న బిల్లులు ముగించి, వాన పెరగకముందే ఇల్లు చేరాలని బయలుదేరాను.

ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. సెల్లారులోని జనరేటరు అప్పటికే నీళ్లలో ఉంది. మధ్యాహ్నం తర్వాత ఇళ్లకు వెళ్లి తీసుకొచ్చిన ముప్పై ఒక్కరి రక్తం గొట్టాలు బల్ల మీద ఉన్నాయి. ఆ రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ అనే వేగంగా తిరిగే యంత్రంలో తిప్పి, సీరమ్ అనే పలుచని ద్రవాన్ని కణాల నుంచి వేరు చేయాలి. రెండు గంటలు దాటితే కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి లెక్క తప్పుతుంది. మామూలు గొట్టంలో ఉన్న రక్తంలో గ్లూకోజు కూడా గంటగంటకూ తగ్గిపోతుంది. ఇదంతా అక్కడున్న టెక్నీషియన్‌కు నాకంటే బాగా తెలుసు. మూడో అంతస్తులో పళ్ల డాక్టరు గారి క్లినిక్‌లో ఇన్వర్టరు ఉందనీ, వానకు కదలలేక ఆయన లోపలే ఉన్నారనీ కూడా తెలుసు. మా చిన్న సెంట్రిఫ్యూజ్ ఒక్క మనిషి ఎత్తుకుపోగలిగేదే. అయినా సార్‌ను అడగకుండా యంత్రాన్ని బయటికి ఎలా తీసుకెళ్లాలి అని ఆ అబ్బాయి ఆగిపోయాడు. తర్వాత అతని ఫోను చూశాను. నా నంబరుకు ఇరవై మూడు సార్లు చేశాడు. నేను చాదర్‌ఘాట్ దగ్గర సిగ్నల్ లేని ఫోనుతో ఆగిన బండ్ల మధ్య నిలబడి ఉన్నాను.

ఆ గొట్టాలన్నీ పారబోయాల్సి వచ్చింది. వాటిలో ఒకటి డయాలసిస్ చేయించుకునే పెద్దాయనది. మళ్లీ రక్తం ఇవ్వడానికి మర్నాడు కొడుకు భుజం పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచి వచ్చారు. ఆయన చెయ్యి చాపి కూర్చున్నప్పుడు నేను తలెత్తి చూడలేకపోయాను.

ప్రమాదం వస్తోందని పెద్దమ్మకు తెలుసు. దాటే దారి టెక్నీషియన్‌కు తెలుసు. ఆ తెలిసినదాన్ని పనిగా మార్చే వీలు మాత్రం నేను వాళ్లకు ఇచ్చి ఉంచలేదు. అనుకోని ఆపద వచ్చాక కొత్త శక్తులేవీ పుట్టవు. ముందురోజు వరకు ఆ చోటులో, ఆ మనుషుల్లో మనం సమకూర్చి ఉంచిందే ఆ రాత్రి పనికొస్తుంది. దాన్ని సమకూర్చే పద్ధతినే ఇక్కడ వరుసగా చెబుతున్నాను. పది నుంచి యాభై మంది పనిచేసే చోటుకు ఇది సరిపోతుంది. బాలానగర్‌లో లేతు మిషన్లు నడిపేవారైనా, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ జట్టును చూసుకునేవారైనా, బడి నడిపేవారైనా పేర్లు మార్చుకుని వాడుకోవచ్చు. అన్నీ ఒక్క నెలలో చేయాలని చూడకండి. మాకు రెండేళ్లు పట్టింది.

మొదటి పని: ఏది ఆగకూడదో రాయండి

మీ దగ్గర జరిగే పనులన్నిటిలో ఏది ఆగితే ఎదుటి మనిషికి హాని జరుగుతుందో ఒక్క వాక్యంలో రాయండి. మాది ఇది: "తీసుకున్న రక్తం పాడవకూడదు, తప్పుడు రిపోర్టు బయటికి పోకూడదు." బిల్లులు, ఎస్సెమ్మెస్‌లు, రంగు కాగితం మీద ముద్రించిన రిపోర్టు అన్నీ ఆ తర్వాతే. ఈ వాక్యం లేకపోతే కంగారులో ప్రతి ఒక్కరూ తమ ముందున్న పనినే ముఖ్యమనుకుంటారు. ఆ రాత్రి మా రిసెప్షన్ అమ్మాయి రిజిస్టర్లు తడవకుండా కాపాడింది. రక్తం గొట్టాల గురించి ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

వాక్యం పక్కన సమయం కూడా రాయండి. ఆ పని ఎన్ని గంటలు ఆగినా నష్టం లేదు? మాకు సీరమ్ విషయంలో రెండు గంటలు. తలుపు తెరవకుండా ఉంచితే మామూలు ఫ్రిజ్ దాదాపు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. కాబట్టి ఫ్రిజ్‌లో ఉండే రీజెంట్ల కోసం, అంటే పరీక్షలకు వాడే రసాయనాల కోసం పరుగెత్తక్కర్లేదు, రక్తం కోసం పరుగెత్తాలి. అంకె తెలిస్తే తొందర ఎక్కడ పడాలో తెలుస్తుంది.

రెండో పని: ఊడ్చేవారిని ముందు నడిపించి చోటంతా తిరగండి

ఆర్కిటెక్టుతో తిరిగే ముందు, చోటును రోజూ చేత్తో తాకేవారితో తిరగండి. ఊడ్చేవారు, వాచ్‌మన్, కరెంటు పనివాడు. వాన వస్తే మొదట నీళ్లు ఎక్కడ నుంచి వస్తాయి? ఏ ప్లగ్గు దగ్గర నిప్పురవ్వలు వస్తాయి? ఏ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఏ తలుపు ఉబ్బి తెరుచుకోదు? మా పెద్దమ్మ ఆ సెల్లారులో నాకు ఒక విషయం చూపించింది. నీళ్లు ర్యాంపు మీద నుంచి దిగుతాయని నేను అనుకునేవాడిని, అందుకే అక్కడ ఇసుక బస్తాలు పేర్పించాను. నిజానికి మొదట మోరీ వెనక్కి తన్నుతుంది. నీళ్లు కింది నుంచే పైకి వస్తాయి. బస్తాలు వేసి లాభం లేదు.

మన నగరంలో చాలా భవనాల్లో జనరేటరు, కరెంటు ప్యానెలు, యూపీఎస్ బ్యాటరీలు సెల్లారులోనే ఉంటాయి. పైన చోటు ఖరీదు, కింద ఊరికే వస్తుంది కదా అని. 2011 మార్చి 11న జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు ఫుకుషిమా దాయిచి అణువిద్యుత్ కేంద్రంలో జరిగింది కూడా ఇదే. అత్యవసర జనరేటర్లు ఎక్కువగా భవనాల అడుగు అంతస్తుల్లో ఉన్నాయి, అవి మునిగిపోయాయి. ఎత్తులో ఉన్న ఒక్క జనరేటరు, గాలితో చల్లబడే రకం, పనిచేసే స్థితిలో మిగిలింది. ఐదు, ఆరు నంబర్ల రియాక్టర్లను కాపాడింది ఆ ఒక్కటే. అంత పెద్ద కేంద్రానికీ మన చిన్న సెల్లారుకూ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

కాబట్టి చేయవలసిందేమిటి? వీలైతే ప్యానెలును, జనరేటరును ఎత్తైన దిమ్మె మీదికి మార్చండి. పై అంతస్తుకు మార్చాలంటే శ్లాబు ఆ బరువును, అదురును మోస్తుందో లేదో ఇంజనీరును అడగండి, మేస్త్రి మాట చాలదు. అద్దె ఇల్లయి యజమాని ఒప్పుకోకపోతే, మీ మొదటి వాక్యంలో రాసుకున్న పనికి సరిపడా ఇన్వర్టరును పై అంతస్తులోనే విడిగా పెట్టించుకోండి. మేము చేసింది ఇదే. ఒక సెంట్రిఫ్యూజ్, ఒక ఫ్రిజ్, రెండు దీపాలు, అంతే. చిన్న పెట్రోలు జనరేటరు కొనేవారు దాన్ని గదిలోగానీ మెట్ల కింద గానీ ఎప్పుడూ నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే చంపేస్తుంది.

తర్వాత కదలగలిగే గుణం గురించి ఆలోచించండి. గోడకు బిగించిన బల్లల కంటే చక్రాల బల్లలు మేలు. ప్లగ్గులు మొలెత్తున ఉండాలి. ప్రతి తాళానికి రెండు చెవులు ఉండాలి, రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. ముఖ్యమైన ఫోను నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి, ఎందుకంటే ఫోనులో దాచిన నంబరు ఛార్జింగ్ అయిపోగానే పోయినట్టే.

మూడో పని: ఎవరు ఏ ఒడ్డున ఉన్నారో చూసుకోండి

హైదరాబాద్ పటం ఒకటి కొని అందరి ఇళ్లూ చుక్కలతో గుర్తుపెట్టండి. మా పద్నాలుగు మందిలో తొమ్మిది మంది మూసీకి అవతల ఉంటారని అప్పుడే తెలిసింది. ఎగువన ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తి నది పొంగితే తక్కువ ఎత్తులో ఉన్న వంతెనలు మూసేస్తారు. అప్పుడు అంబర్‌పేట నుంచి వచ్చేవారికి దారి చుట్టైపోతుంది. కాబట్టి నదికి ఇవతల ఉన్న ఐదుగురిలో రక్తం తీయగలిగినవారు ఇద్దరు, యంత్రం నడపగలిగినవారు ఒకరైనా ఉండేలా పనులు నేర్పాం. మెట్రో దగ్గర ఉన్నవారెవరు, బండి మీద వచ్చేవారెవరు, ఇంట్లో పసిపిల్లలు, మంచాన ఉన్న పెద్దలు ఎవరికి ఉన్నారు అన్నది కూడా రాసుకోండి. సొంత ఇంట్లో నీళ్లు చేరుతుంటే ఏ మనిషీ ఇక్కడ మనసు పెట్టి పనిచేయలేరు. అలాంటివారిని ముందుగా ఇంటికి పంపడం కూడా ఏర్పాటులో భాగమే.

నాలుగో పని: ప్రతి పనీ ఇద్దరి చేతుల్లో ఉండాలి

ఒక పెద్ద అట్ట తీసుకోండి. నిలువుగా పనులు, అడ్డంగా పేర్లు రాయండి. ఒంటరిగా చేయగలిగితే నిండు చుక్క, పక్కన ఎవరైనా ఉంటే చేయగలిగితే సున్నా పెట్టండి. ఒకే ఒక నిండు చుక్క ఉన్న వరుసలే మీ బలహీనత. మా దగ్గర అలాంటివి ఏడు తేలాయి. వాటిలో ఒకటి నాదే. రీజెంట్ల డీలరుతో మాట్లాడి అప్పు మీద సరుకు తెప్పించడం నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అందరికీ అన్నీ నేర్పాలనే ఆశ పెట్టుకోకండి. అలా చేస్తే ఏదీ ఎవరికీ పూర్తిగా రాదు, పైగా నైపుణ్యం ఉన్నవారికి తమ పని విలువ తగ్గిందనిపిస్తుంది. ఒక్కో పనికి రెండో మనిషి చాలు. ఆ రెండో మనిషి నెలకొకసారి ఆ పనిని నిజంగా చేయాలి, మొదటి మనిషి చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. చూసి నేర్చుకున్న పని ఆపదలో గుర్తుకు రాదు. నేర్చుకున్నవారికి జీతం కొంచెమైనా పెంచండి. అదనంగా పని నేర్చుకున్నందుకు అదనపు చాకిరీ మాత్రమే దొరికితే, రెండోసారి ఎవరూ ముందుకు రారు.

ఒప్పుకోని పెద్దలు ఉంటారు. మా సీనియర్ టెక్నీషియన్ పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారు. "నా పని వేరొకరికి నేర్పితే రేపు నన్ను తీసేస్తారా సార్?" అని సూటిగా అడిగారు. ఆ భయం చాలా చోట్ల ఉంటుంది, నోటితో చెప్పరు. నేర్పినవారి ఉద్యోగానికి ఏ భయమూ ఉండదని నేను కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ తర్వాత ఆయన నేర్పినంత ఓపిగ్గా మా దగ్గర ఎవరూ నేర్పలేదు.

ఐదో పని: కొంత ఖాళీని కావాలని ఉంచండి

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఈ నగరంలో వేలమందిని తీసుకుపోయింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన రెండు జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అవి తాగునీరు ఇచ్చినా, వరదను ఆపే పని కూడా వాటిదే. ఆ పని చేయాలంటే జలాశయంలో కొంత చోటు ఖాళీగా ఉండాలి. నిండా నీళ్లున్న చెరువు కొత్త వరదను పట్టలేదు, వచ్చినది వచ్చినట్టే కిందికి వదలాలి.

మనుషుల సమయం కూడా అంతే. ప్రతి నిమిషం పనితో నిండిన జట్టు లెక్కల్లో బాగుంటుంది. ఒక్కరికి జ్వరం వస్తే కుప్పకూలుతుంది. ఖాళీ అంటే వృథా అని అనుకునే యజమానులకు నేను పెళ్లి వంటవాళ్లను చూపిస్తాను. నాలుగు వందల మందికని చెప్పిన పెళ్లికి ఐదు వందల యాభై మంది వస్తారు. గాడిపొయ్యి మీద వంట మేస్త్రి ఎప్పుడూ ఒక గంగాళంలో ఎసరు మరిగిస్తూనే ఉంటాడు. అప్పటికి ఆ ఎసరుతో అవసరమేమీ లేదు. మూడో బంతి లేస్తుంటే ఇంకో బస్సు దిగిందని కబురు వస్తుంది. బియ్యం పోస్తే ఇరవై నిమిషాల్లో అన్నం సిద్ధం. వడ్డించేవాళ్లలో ఇద్దరు వచ్చి కూరగాయలు తరుగుతారు, తరిగేవాడు పొయ్యి దగ్గరికి వెళతాడు. ఎవరూ ఎవరికీ ఆజ్ఞలు ఇవ్వరు. ఆ మరిగే ఎసరుకైన కట్టెల ఖర్చు ఆడపిల్ల తండ్రి పరువును నిలబెడుతుంది.

మీ చోటులో ఎసరు ఏదో వెతకండి. మా దగ్గర అది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఒక టెక్నీషియన్‌కు ఏ పనీ అప్పగించకపోవడం. ఆ సమయంలో వాళ్లు యంత్రాలు శుభ్రం చేసుకుంటారు, రెండో పని నేర్చుకుంటారు. అవసరమైన రోజున పరుగెత్తుతారు. సరుకు విషయంలో వారానికి సరిపడా తెప్పించుకునే చోట పది రోజులకు తెప్పిస్తున్నాం. డబ్బు విషయంలో సొరుగులో ఎప్పుడూ ఐదు వేలు ఉంటాయి, ఆన్‌లైన్ చెల్లింపులు ఆగిన రోజు కోసం.

ఇరుగుపొరుగు కూడా ఖాళీ లాంటిదే. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ సంస్థ కార్ఖానా ఒకటి కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకులకు కావలసిన ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడి నుంచే వచ్చేది, టయోటా దగ్గర గంటల నిల్వ మాత్రమే ఉంది. కార్ల తయారీ ఆగిపోయింది. అయితే ఆ వాల్వును అంతకుముందెప్పుడూ చేయని పదుల కొద్దీ సంస్థలు నమూనాలు తెప్పించుకుని, ఉన్న యంత్రాలతోనే తయారుచేయడం మొదలుపెట్టాయి. లెక్కలు తర్వాత చూసుకోవచ్చనుకున్నాయి. కొద్ది రోజుల్లోనే కార్లు మళ్లీ బయటికి వచ్చాయి. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన నమ్మకం లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు. మేము ఇప్పుడు పక్క వీధిలోని పోటీ కేంద్రంతో ఒప్పందం చేసుకున్నాం. వాళ్ల యంత్రం ఆగితే మేము, మాది ఆగితే వాళ్లు. పళ్ల డాక్టరు గారి ప్లగ్గు ఒకటి మాది. పండక్కి వాళ్లింటికి మిఠాయి వెళుతుంది.

ఆరో పని: అడగక్కర్లేని పనుల కాగితం

నాకు వీటన్నిటిలోకీ విలువైనది ఇదే. ఒక్క కాగితం, మూడు భాగాలు. మా దగ్గర గోడకు ఉన్నదాన్ని ఉన్నట్టే రాస్తున్నాను.

ఎవరినీ అడగకుండా చేయండి: రక్తం గొట్టాలను, సెంట్రిఫ్యూజ్‌ను కరెంటు ఉన్న ఏ చోటికైనా తీసుకెళ్లడం. అనుమానం వచ్చిన రిపోర్టును ఆపడం. ఐదు వేల వరకు ఖర్చు చేయడం. ఆటో మాట్లాడి సహోద్యోగిని ఇంటికి పంపడం.

చేసి, తర్వాత చెప్పండి: పొరుగు కేంద్రానికి నమూనాలు పంపడం. కొత్తగా వచ్చేవారిని ఆ పూటకు తీసుకోకుండా ఆపడం.

అడిగాకే చేయండి: కేంద్రాన్ని మూసేయడం. ఒకరి రిపోర్టు వేరొకరికి చూపించడం.

అడగాల్సిన మనిషి దొరకకపోతే? పది నిమిషాలు ప్రయత్నించండి. ఆ తర్వాత అక్కడున్నవారిలో ఆ పని ఎవరికి బాగా తెలుసో వారే నిర్ణయిస్తారు, వయసు, హోదా చూడక్కర్లేదు. కాగితం చివర నా సంతకం కింద ఈ మాట ఉంది: "పేషెంటు మేలు కోరి తీసుకున్న నిర్ణయం తప్పని తేలినా ఎవరి జీతం కోయను, ఎవరినీ నలుగురిలో మందలించను." ఈ చివరి వాక్యం లేకుండా పై భాగమంతా ఉత్త సిరా. అధికారం ఇచ్చానని చెప్పి, మొదటి పొరపాటుకే మండిపడితే, మీ మనుషులు కాగితాన్ని నమ్మరు, మీ ముఖాన్ని నమ్ముతారు.

పని తెలిసినవారికి పగ్గాలు ఇవ్వడం ఎంత పనిచేస్తుందో చూడండి. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ 232 విమానం తోక ఇంజను పగిలింది. విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థలు మూడూ పోయాయి. అలా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు, అందుకు రాసి ఉంచిన పద్ధతే లేదు. ఆ విమానం నడపడంలో శిక్షణ ఇచ్చే పైలట్ ఒకాయన ఆ రోజు ప్రయాణికుడిగా వెనుక కూర్చుని ఉన్నారు. కెప్టెన్ ఆల్ హేన్స్ ఆయన్ను ముందుకు రానిచ్చి, ఇంజన్ల వేగాన్ని నియంత్రించే మీటలు ఆయన చేతికిచ్చారు. రెండు ఇంజన్ల వేగాన్ని ఎక్కువ తక్కువ చేస్తూ విమానాన్ని సూ సిటీ విమానాశ్రయం వరకు తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. ఇది నా జట్టు, బయటివాళ్లకు ఇక్కడేం పని అని కెప్టెన్ అనుకుని ఉంటే?

ఏడో పని: చెడ్డ కబురు తెచ్చినవారికి మీరిచ్చే జవాబు

అదే యునైటెడ్ విమాన సంస్థలో పదిన్నరేళ్ల ముందు జరిగింది ఇంకొకటి. 1978 డిసెంబర్ 28న పోర్ట్‌లాండ్ మీద యునైటెడ్ 173 విమానం చక్రాల సమస్యతో చుట్టూ తిరుగుతోంది. ఇంధనం తగ్గిపోతోందని తోటి సిబ్బందికి తెలుసు, మాటల మధ్య చెప్పారు కూడా. కానీ గట్టిగా చెప్పలేదు, కెప్టెన్ మనసంతా చక్రాల మీదే ఉంది. ఇంధనం అయిపోయి విమానం కూలింది, పదిమంది చనిపోయారు. కిందివారు పైవారికి గట్టిగా చెప్పడం, పైవారు ఆగి వినడం అనే శిక్షణ ఆ తర్వాతే విమానరంగంలో పాతుకుంది. 232 కెప్టెన్‌కు ఉన్నది ఆ శిక్షణే.

మన దగ్గర ఈ గోడ ఇంకా ఎత్తు. పెద్దవారి మాటకు అడ్డు చెప్పకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పుతాం. ఆ మర్యాద మంచిదే, దాన్ని కూల్చనక్కర్లేదు. మర్యాదలోనే ఒక తలుపు పెట్టండి. మేము ఒక మాట నిర్ణయించుకున్నాం: "సార్, ఒక్క నిమిషం ఆగాలి." ఎవరు ఈ మాట అన్నా, చేతిలో ఏ పని ఉన్నా, నేను సహా అందరూ ఆగి వారివైపు తిరగాలి. అది ఎదురుచెప్పడం కాదని ముందే అందరికీ తెలుసు. మొదటి మూడు నెలలు ఎవరూ అనలేదు. ఒకరోజు పదిహేను రోజుల క్రితం చేరిన అమ్మాయి వణుకుతున్న గొంతుతో ఆ మాట అంది. ఇద్దరు పేషెంట్ల పేర్లు ఒకటే, లేబుళ్లు తారుమారయ్యాయి. అందరి ముందు ఆమెకు కృతజ్ఞతలు చెప్పాను. ఆ వారంలో ఆ మాట ఇంకో నాలుగుసార్లు వినబడింది. వాటిలో మూడు ఉత్త అనుమానాలే. వాటికీ అంతే శ్రద్ధగా ఆగాం, ఎందుకంటే ఉత్త అనుమానానికి విసుక్కుంటే నిజమైనది మన దాకా రాదు.

పెద్దమ్మ ఆ సాయంత్రం నాతో చెప్పింది. "చూద్దాంలే" అన్నది నేను. అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎనిమిదో పని: కాగితం దారి మరిచిపోకండి

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దొర్లిన తప్పుతో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అలా రాసివ్వగలిగినచోట విమానాలు ఆలస్యంగానైనా కదిలాయి. మీరు కూడా ఖాళీ ఫారాలు వంద అచ్చు వేయించి, రెండు పెన్నులతో సహా ఒక డబ్బాలో పెట్టండి. చేత్తో రాసినవాటిని తర్వాత కంప్యూటర్‌లోకి ఎవరు ఎక్కిస్తారో కూడా ముందే తేల్చుకోండి, లేకపోతే వారం తర్వాత ఆ కాగితాలు కనబడవు.

తొమ్మిదో పని: నెలకొక చిన్న కసరత్తు

రద్దీ తగ్గిన మధ్యాహ్నం ఇరవై నిమిషాలు చాలు. ఒక చీటీ తీసి చదవండి. "ఈ రోజు బార్‌కోడ్ యంత్రం లేదు." "వంతెనలు మూశారు, ఇద్దరే రాగలిగారు." "సార్ ఫోను కలవదు." ఈ చివరిది వచ్చినప్పుడు నేను ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చుంటాను, ఫోను కట్టేస్తాను. కసరత్తు నిజమైన పేషెంటు మీద ఎప్పుడూ చేయకండి. మేము పని ముగిసి మిగిలిన నమూనాలు వాడతాం.

చీటీలు ఎవరు రాయాలి? మీరు కాదు. మీరు ఊహించగలిగిందే మీరు రాస్తారు. జట్టులో అందరూ రాసి డబ్బాలో వేయాలి. వాచ్‌మన్ రాయించిన చీటీ మమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టింది: "లిఫ్టులో ముసలావిడ ఇరుక్కుంది, లిఫ్టువాళ్ల నంబరు ఎవరి దగ్గరా లేదు." నిజంగానే ఎవరి దగ్గరా లేదు.

పదో పని: రెండు రోజుల్లోపు కూర్చోండి

నిజంగా ఏదైనా జరిగాక గాయం చల్లారేలోపు, అంటే రెండు రోజుల్లో, అందరూ టీ పెట్టుకుని కూర్చోండి. నాలుగు ప్రశ్నలు అడగండి. ఏమవుతుందనుకున్నాం? ఏమైంది? తేడా ఎందుకు వచ్చింది? వచ్చేసారికి ఏం మార్చాలి? "ఎవరు" అనే మాట మొదటి మూడు ప్రశ్నల్లో రాకూడదు. మొదట మాట్లాడవలసింది జట్టు పెద్ద, అదీ తన పొరపాటు గురించే. ఆ తర్వాతే మిగిలినవారి నోళ్లు తెరుచుకుంటాయి. బాగా జరిగినదాన్ని కూడా అడగండి. అనుకోకుండా ఎవరో చేసిన మంచి పనిని పద్ధతిగా మార్చుకోవడానికి అదొక్కటే సమయం.

తేలినవాటిలో రెండు మాత్రమే తీసుకుని వెంటనే అమలు చేయండి. పదిహేను రాసుకుంటే ఒక్కటీ జరగదు. గోడ మీది కాగితాన్ని మార్చి, కింద తేదీ వేయండి. ఆరు నెలలు దాటిన కాగితాన్ని తీసి అందరి ముందు మళ్లీ చదవండి. వెళ్లిపోయినవారి పేర్లు, మారిన నంబర్లు అప్పుడే బయటపడతాయి.

మా కాగితంలో ఇప్పుడు మొదటి వరుస పెద్దమ్మ చెప్పగా రాసింది: సెల్లారు మోరీలో గుడగుడ వినబడితే, విన్నది ఎవరైనా సరే, ఎవరినీ అడగకుండా బండ్లు బయటికి తీయించి, కిందికి వెళ్లే కరెంటును పై అంతస్తు స్విచ్ దగ్గర ఆపేయాలి.